చేతి ఆటయంత్రము: మార్చదగిన భాగములు, మార్చరాని భాగములు

గత సంవత్సరము తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మా బావమరిది అమెరికా నుంచి వస్తూ మా వాడికి స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రం తెచ్చి ఇచ్చాడు. రెండేళ్లయినా కాలేదు. అప్పుడే అందులో చోటు చాలడం లేదు, కొత్తది కావాలి అంటున్నాడు. నిజంగానే చాలదా, లేక కొత్తదాని మీద మోజా? సంగతి తెలియక కాదనలేకపోతున్నాను, ఔననలేకపోతున్నాను" అని యడిగెను.

ఈ ప్రశ్న ఆ తండ్రి యొక్కనిదే కాదు. మన పాఠశాలలో చదువుచున్న పిల్లల ఇండ్లలో ఇట్టి యంత్రములు కొన్ని కలవు. లేనివారు కావలెనని కోరుచున్నారు. ఆటలు మంచివా చెడ్డవా యను చర్చ వేరు. యంత్రము ఇంటిలోనికి వచ్చిన తరువాత దానిపై మరల వ్యయము చేయవలెనా వలదా యని నిశ్చయింపవలసిన భారము పెద్దలది. తెలియక కాదన్నచో పిల్లవానికి అది అన్యాయముగా తోచును. తెలియక ఔనన్నచో ఇంటి జమాఖర్చు తలక్రిందులగును. కావున ఇట్టి యంత్రము లోపల ఏమేమి యున్నవి, వానిలో ఏవి మార్చదగినవి, ఏవి మార్చరానివి అను విషయమును ఆ స్టీమ్ డెక్కునే యుదాహరణముగా గైకొని ఇచ్చట వివరింపదలచితిని.

పెండ్లివారి వంటశాల

యంత్రమును పెండ్లివారి వంటశాలతో పోల్చి చూచినచో విషయము సులభముగా బోధపడును. వంటశాలలో వంటవాడుండును, యంత్రములో ఆ స్థానము ప్రాసెసరుది. లెక్కలన్నియు అదియే కట్టును. బొమ్మలు గీయుటకు దానికి తోడుగా గ్రాఫిక్స్ భాగమొకటి యుండును. తరిగిన కూరలు, నూరిన మసాలాలు చేతికందునట్లు పరచుకొనుటకు వంటవాని యెదుట ఒక బల్ల యుండును, అది ర్యామ్. యంత్రమును ఆపిన వెంటనే ఆ బల్ల ఖాళీ యగును. వెనుకనున్న కొట్టుగదిలో బియ్యము, పప్పు, బెల్లము నిలువ యుండును. అది స్టోరేజి, అనగా నిల్వస్థానము. ఆటలు భద్రపడి యుండునది ఇందే. పొయ్యిక్రింది కట్టెలు బ్యాటరీ. విస్తరిలో వడ్డించిన పదార్థము తెరమీది బొమ్మ.

ఈ పోలికలో మరువరాని మాట యొకటి కలదు. కొట్టుగదిని రెట్టింపు చేసినంత మాత్రమున వంటవాని చేయి చురుకు కాదు. కట్టెలు ఎక్కువగా తెచ్చినంత మాత్రమున బల్ల పెరుగదు. ఏది కొరతయో తెలిసికొనక చేసిన వ్యయము, ఉప్పు తక్కువైన కూరలో కారము కలిపినట్లగును.

పూర్వపు యంత్రము చెప్పు పాఠము

చేతిలో పట్టుకొని యాడు యంత్రమునకు బల్లమీది కంప్యూటరునకు లేని నిర్బంధములు మూడు కలవు: బరువు, వేడి, బ్యాటరీ. ఈ మూటి మర్మమును బాగుగా నెరిగినవాడు జపాను దేశమున క్యోటో నగరమందలి నింటెండో సంస్థలో పనిచేసిన గుంపెయి యోకొయ్. ఆయన బృందము రూపొందించిన గేమ్ బాయ్ అను యంత్రము 1989 ఏప్రిల్ 21న జపానులో విడుదలయ్యెను. దాని ర్యామ్ 8 కిలోబైట్లు; తెర బొమ్మల కొరకు మరియొక 8 కిలోబైట్లు. తెరలో అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు; ఒకే వర్ణమున నాలుగు ఛాయలు మాత్రమే. తెరవెనుక దీపము కూడ లేదు.

అదే 1989లో అటారి వారి లింక్స్, 1990లో సెగా వారి గేమ్ గేర్ వచ్చెను. ఈ రెంటికిని రంగుల తెర, దాని వెనుక దీపము ఉండెడివి. చూచుటకు ఇవియే ఘనమైనవి. అయినను ఇవి ఆరేసి బ్యాటరీలను మ్రింగి అయిదు గంటలలోపుననే ఆరిపోయెడివి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు మించి నడచెడిది. గేమ్ బాయ్, దాని వెనుక వచ్చిన గేమ్ బాయ్ కలర్ రెండును కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడు పోయెను. తక్కిన రెండును దాని దరిదాపులకు రాలేదు. సరికొత్తదానికై పరుగెత్తక, బాగుగా నలిగి చౌకయైన సాధనమును కొత్త రీతిని వాడుకొనుమనునది యోకొయ్ సిద్ధాంతము.

ఆ యంత్రమునకు శక్తిని పెంచు ఉపాయము కూడ విచిత్రమైనది. యంత్రమును తెరవనక్కరలేదు, ఆటను భద్రపరచిన కార్ట్రిడ్జి అను చిన్న పెట్టెలోనే అదనపు సామగ్రి నుంచెడివారు. యంత్రము ఒక్కసారిగా చదువగలిగిన ఆట 32 కిలోబైట్లు మాత్రమే. టెట్రిస్ ఆట సరిగా అంతే. అంతకు మించిన ఆటలకు పెట్టెలోనే మరియొక చిప్పును చేర్చి, పుస్తకమున పుటలు త్రిప్పినట్లు ఒక్కొక్క భాగమును యంత్రమునకు అందించెడివారు. ఆట నడుమ ఆపిన చోటును గుర్తుంచుకొనుటకు కొన్ని పెట్టెలలో బిళ్ల బ్యాటరీ యొకటి యుండెడిది. ఏండ్లు గడచి ఆ బిళ్ల అయిపోయిన నాడు ఆ జ్ఞాపకమును పోవును. మారని యంత్రమునకు మారు భాగమును బయటినుండి తగిలించుట యను పద్ధతి నాటినుండియు ఉన్నదే. నేటి మెమొరీ కార్డు కూడ ఆ పద్ధతికి చెందినదే.

స్టీమ్ డెక్ స్వరూపము

అమెరికాలోని వాల్వ్ సంస్థ స్టీమ్ డెక్కును 2022 ఫిబ్రవరిలో విడుదల చేసెను. బరువు 669 గ్రాములు. తెర 7 అంగుళములు. అడ్డముగా 1280, నిలువుగా 800 చుక్కలు. ఏ.ఎం.డి. సంస్థ దీనికై ప్రత్యేకముగా చేసిన చిప్పులో ప్రాసెసరు, గ్రాఫిక్స్ భాగము రెండును కూడియున్నవి. ర్యామ్ 16 గిగాబైట్లు, అనగా గేమ్ బాయ్ ర్యామునకు సుమారు 21 లక్షల రెట్లు. రెండు బొటనవ్రేళ్లకు రెండు స్టిక్కులు, వాని క్రింద రెండు స్పర్శ పలకలు, వెనుక నాలుగు మీటలు కలవు.

ఆరంభమున ఇది మూడు రకములుగా వచ్చెను: 64 గిగాబైట్ల నిల్వ గలది 399 డాలర్లు, 256 గిగాబైట్లది 529, 512 గిగాబైట్లది 649. ఇచ్చట పెద్దలు గమనింపవలసిన సంగతి యున్నది. ఈ మూటిలోను ప్రాసెసరు ఒక్కటే, ర్యామ్ ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే. 512 దానికి తెర అద్దము మెరుపు తగ్గించునది. తక్కిన ధరలోని భేదమంతయు ప్రధానముగా కొట్టుగది భేదమే. 64 దానిలోని నిల్వ ఈ.ఎం.ఎం.సి. అను నెమ్మది రకము. తక్కిన రెంటిలోనిది ఎన్.వి.ఎం.ఇ. అను వేగవంతమైన రకము.

2023 నవంబరులో ఓ.ఎల్.ఇ.డి. తెరతో మరియొక రూపము వచ్చెను. దీని తెర 7.4 అంగుళములు, బరువు 640 గ్రాములు. చుక్కల సంఖ్య మునుపటిదే. మొదటి తెర సెకనుకు 60 పర్యాయములు బొమ్మను మార్చగా ఇది 90 పర్యాయములు మార్చగలదు. బ్యాటరీ 40 వాట్-అవర్లనుండి 50కి పెరిగెను. ర్యామ్ మాత్రము 16 గిగాబైట్లే. చూపునకు, బ్యాటరీకి మేలు జరిగినదే కాని, పాత యంత్రమున నడువని ఆట ఇందులో హాయిగా నడచునని ఆశింపరాదు.

కాసు ఖర్చులేని మార్పులు

బ్యాటరీ లెక్క పిల్లలకు ఇంటిలో నేర్పదగిన చక్కని లెక్క. బ్యాటరీలో 40 వాట్-అవర్లు కలవు. యంత్రమంతయు కలిసి 20 వాట్లు త్రాగు ఆట యైనచో 40ని 20చే భాగింప 2 గంటలు వచ్చును. 5 వాట్లతో సరిపెట్టుకొను ఆట యైనచో 8 గంటలు వచ్చును. తయారీదారులు ఈ యంత్రము 2 మొదలు 8 గంటలు నడచునని చెప్పుటలోని రహస్యము ఇదియే. "బ్యాటరీ చెడిపోయినది" అని పిల్లవాడు చెప్పినప్పుడు ఏ ఆట యాడుచున్నాడని ముందుగా అడుగవలెను.

యంత్రములోనే యున్న సెట్టింగులలో సెకనుకు ఇన్ని బొమ్మలు చాలునని పరిమితి పెట్టవచ్చును. 60 బొమ్మలకు బదులు 40 చాలుననినచో చాల ఆటలలో కంటికి పెద్ద భేదము తెలియదు. కట్టెలు మాత్రము మిగులును. తెర వెలుతురును తగ్గించుట, చిప్పు త్రాగు వాట్లకు హద్దు పెట్టుట కూడ ఇట్టివే. వేడి తగ్గును, ఫ్యాను రొద తగ్గును. కొనుటకు ముందు ఈ మార్పులు చేసి చూడవలయును.

నిల్వ సంగతియు అట్టిదే. ఆటలన్నియు ఒకే పరిమాణముగలవి కావు. స్టార్‌డ్యూ వ్యాలీ అను వ్యవసాయపు ఆటకు 500 మెగాబైట్ల చోటు చాలును; 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అను ఆటకు 150 గిగాబైట్లు కావలయును. అనగా ఆ యొక్క ఆట ఉండుచోట మొదటిది మూడువందలు ఉండగలదు. కొన్న ఆటను తొలగించినంత మాత్రమున అది పోదు. కావలసినప్పుడు ఇంటర్నెట్టు ద్వారా మరల తెచ్చుకొనవచ్చును. కాబట్టి "చోటు చాలదు" అను మాట కొన్నియెడల "ఆడని ఆటలను తీసివేయలేదు" అను మాటకు మారుపేరే యగును.

మెమొరీ కార్డు

అప్పటికిని చోటు చాలకున్నచో అన్నిటికంటె సులభమైన మార్గము మెమొరీ కార్డు. యంత్రము క్రింది యంచున మైక్రో ఎస్.డి. కార్డునకు సందు కలదు. స్క్రూడ్రైవరు అక్కరలేదు, కార్డును చొప్పించి ఫార్మాటు చేసిన చాలును. ఈ సందు సెకనుకు సుమారు 100 మెగాబైట్లకు మించి చదువదు, లోపలి ఎన్.వి.ఎం.ఇ. నిల్వ సెకనుకు వేయి మెగాబైట్లకు పైగా చదువగలదు. అందువలన కార్డులోని పెద్ద ఆట తెరచుకొనుటకు కొంత ఆలస్యము కావచ్చును. చిన్న ఆటలను కార్డులోను, పెద్దవానిని లోపలి నిల్వలోను ఉంచుట ఉత్తమము.

కార్డు కొనునప్పుడు మోసపోకుండ జాగ్రత్త వహింపవలెను. బజారులో పేరున 512 గిగాబైట్లని వ్రాసి, లోపల అందులో పదియవ వంతైనను లేని నకిలీ కార్డులు కలవు. అవి మొదట బాగుగానే పనిచేసినట్లు కనబడి, నిజమైన చోటు నిండిన తరువాత వ్రాసినదానిని పోగొట్టును. ధర నమ్మరానంత తక్కువగా నున్నచో కొనరాదు. కొన్న దినముననే కార్డును ఫైళ్లతో పూర్తిగా నింపి, వానిని తిరిగి చదివి సరిచూచుకొనవలెను.

ఇంకొక హెచ్చరిక. ఒక యంత్రపు కార్డు వేరొక యంత్రమునకు పనికివచ్చునని యనుకొనరాదు. నింటెండో వారి 2017 నాటి స్విచ్ యంత్రము సాధారణ మైక్రో ఎస్.డి. కార్డును స్వీకరించును. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మాత్రము ఆటల నిల్వకు మైక్రో ఎస్.డి. ఎక్స్‌ప్రెస్ అను కొత్త రకము కార్డునే యంగీకరించును. చూచుటకు రెండును ఒకే పరిమాణమున నుండును. పెట్టెమీది యక్షరములు చదువక కొన్నవారు సొమ్ము పోగొట్టుకొందురు.

లోపలి నిల్వను మార్చుట

స్టీమ్ డెక్కులోని ఎస్.ఎస్.డి.ని తీసి పెద్దదానిని అమర్చుట సాధ్యమే. దానికి కావలసినది ఎం.2 2230 అను కొలత గలది. ఆ యంకెలలో మొదటి 22 వెడల్పు, తరువాతి 30 పొడవు, మిల్లీమీటర్లలో. సాధారణముగా కంప్యూటర్లలో వాడు 2280 రకము 80 మిల్లీమీటర్ల పొడవుండును. అది ఇందులో పట్టదు. ధర తక్కువయని దానిని కొని తెచ్చినచో తిరిగి ఇచ్చివేయుట తప్ప గతిలేదు.

పని క్రమము ఇట్టిది. ముందుగా ఆటల పురోగతిని, ఫైళ్లను వేరొకచోట భద్రపరచవలెను. యంత్రమును మరల సిద్ధము చేయు సాఫ్టువేరును ఒక యు.ఎస్.బి. పెన్‌డ్రైవులో ఉంచుకొనవలెను. బ్యాటరీని బాగుగా తగ్గనిచ్చి యంత్రమును పూర్తిగా ఆపివేయవలెను. పిమ్మట మెమొరీ కార్డును బయటికి తీయవలెను. ఇది మరచి వెనుక మూతను లాగినచో కార్డు రెండు తునుకలగును. ఈ పొరపాటు చేసి చింతించినవారు పెక్కురు. వెనుక మూతకు ఎనిమిది స్క్రూలు కలవు. పొడవువి పొట్టివి కలిసిపోకుండ కాగితముమీద బొమ్మ గీచి, ఎక్కడివి అక్కడ ఉంచవలెను. మూత క్రింది లోహపు రేకును తీసినంతనే ఎస్.ఎస్.డి.ని తాకరాదు, ముందుగా బ్యాటరీ తీగను విడదీయవలెను. ఎస్.ఎస్.డి.ని పట్టియుంచునది ఒక్క స్క్రూ మాత్రమే. పాతదానిమీదనున్న లోహపు తొడుగును కొత్తదానికి తొడిగి, అదే స్థానమున అమర్చవలెను.

తెరచుటలో కలిగిన నష్టమునకు తయారీదారు పూచీ యుండదు. అందుచేత ఇది పిల్లవాడు రాత్రివేళ గది తలుపు వేసికొని యొంటరిగా చేయదగిన పని కాదు. పెద్దవారు ప్రక్కన కూర్చుండి, వెలుతురున, తొందర లేక చేయదగిన పని. చేయి తిరిగిన మెకానికు ఉన్నచో అతనికి ఇచ్చుట యింకను మేలు.

స్టిక్కులు, బ్యాటరీ

కొంతకాలము వాడిన పిమ్మట బొటనవ్రేలి స్టిక్కు తాకకయే బొమ్మ తనంత తాను కదలుట ఈ జాతి యంత్రములన్నిటిలోను కనబడు వ్యాధి. స్టిక్కు లోపల రాపిడి వలన అరుగు పలక యుండుటయే దీనికి కారణము. రాపిడి లేక అయస్కాంతము నాధారముగా చేసికొని పనిచేయు స్టిక్కులును కలవు. వానిని హాల్ ఎఫెక్ట్ స్టిక్కులందురు. స్టీమ్ డెక్కులో స్టిక్కు ఒక ప్రత్యేక భాగముగా నుండుట వలన దానిని మాత్రము మార్చుకొనవచ్చును. స్టిక్కు చెడినదని యంత్రమునే మార్చుట, చెప్పు తెగినదని కాలిని నిందించుట వంటిది.

బ్యాటరీ విషయమున మాత్రము సాహసము వలదు. ఇది లిథియం జాతి బ్యాటరీ. లోపల గట్టి జిగురుతో అంటించియుండును. వంచినను, గ్రుచ్చినను, పొడిచినను మంటలు లేచు ప్రమాదము కలదు. యంత్రపు వెనుక మూత ఉబ్బినట్లు కనబడినచో వెంటనే వాడుట మాని, ఛార్జింగు పెట్టక, నిపుణుని చేతికి అప్పగింపవలెను. పిల్లలు యంత్రమును దిండుక్రింద నుంచి ఛార్జి చేయకుండ చూచుట పెద్దల విధి.

మార్చరాని భాగములు

ప్రాసెసరు, గ్రాఫిక్స్ భాగము, ర్యామ్ ఈ మూడును మూలఫలకమునకు సీసముపోసి అతికినట్లు అతుకబడి యున్నవి. వానిని గృహస్థుడు మార్చజాలడు. మొదటి రూపమునకు ఓ.ఎల్.ఇ.డి. రూపపు తెరను తగిలించుటయు కుదరదు. కావున కొత్త ఆట యొకటి కనీస సెట్టింగులలో కూడ నత్తనడక నడచుచున్నచో, ఎస్.ఎస్.డి. మార్చినను, కార్డు వేసినను ఫలము లేదు. అప్పుడు మార్గములు రెండే: ఆ ఆటను మానుట, లేదా యంత్రమును మార్చుట. ఈ నిజమును పిల్లవానికి సూటిగా చెప్పవలెను.

అదే యంత్రము కంప్యూటరుగా

పెద్దలలో పలువురికి తెలియని గుణమొకటి దీనికి కలదు. స్టీమ్ డెక్ లినక్సు జాతికి చెందిన సిస్టముతో నడచు సంపూర్ణమైన కంప్యూటరు. అందలి డెస్క్‌టాప్ మోడ్‌లోనికి వెళ్లి, యు.ఎస్.బి.-సి సందు ద్వారా ఒక డాకును, దానికి కీబోర్డును, మౌసును, పెద్ద తెరను తగిలించినచో వ్రాతపని చేసికొనవచ్చును, ప్రోగ్రాములు నేర్చుకొనవచ్చును. మన బిడ్డలు ఇంటి భాషలో ఉత్తరము వ్రాయుట అరుదైపోయిన ఈ దినములలో, తెలుగు కీబోర్డు అమరికను ఎన్నుకొని అమ్మమ్మకు తెలుగున నాలుగు పంక్తులు వ్రాయుటకును ఇది పనికివచ్చును. కొత్త యంత్రము కొనుటకు చేయు వ్యయములో కొద్ది భాగముతోనే ఒక కీబోర్డు వచ్చును. ఈ యంత్రమునకు చేయదగిన వృద్ధులలో నేను మొదట సిఫారసు చేయునది ఇదియే.

అడుగవలసిన ప్రశ్నలు

పిల్లవాడు కొత్తది కావలెనని యడిగినప్పుడు, కసరక, వెంటనే ఒప్పుకొనక, నాలుగు ప్రశ్నలు వేసి వ్రాతపూర్వకముగా సమాధానము తెమ్మనవలెను. కొరత దేనిలో: నిల్వలోనా, వేగములోనా, బ్యాటరీలోనా, స్టిక్కులోనా? ఖర్చులేని మార్పులు చేసి చూచితివా? ఆ కొరత తీర్చు భాగము విడిగా దొరకునా? దొరకినచో ఏ కొలతది, ఏ రకముది? ఈ నాలుగింటికి సరియైన సమాధానము తెచ్చిన బాలుడు అప్పటికే కొంత విద్య నేర్చినవాడగును. అతని కోరికను మన్నించినను నష్టము లేదు.

మొదట చెప్పిన తండ్రికి నేను ఈ ప్రశ్నలనే వ్రాసి యిచ్చితిని. రెండు వారములకు ఆయన కుమారుడు తానే వచ్చి పట్టిక యొకటి చూపెను. 256 గిగాబైట్లలో సగమునకు పైగా, ఆరు నెలలుగా ముట్టని రెండు ఆటలు ఆక్రమించియుండెను. వానిని తొలగించి చూడగా చోటు మిగిలినది. "కార్డు కూడా ఇప్పుడు అక్కరలేదండీ, వేసవి సెలవుల్లో చూద్దాం అన్నారు నాన్నగారు" అని ఆ బాలుడే చెప్పెను. ఆ ఇంట తండ్రికి సొమ్ము మిగిలినది. అంతకంటె, తండ్రి కాదన్నది మొండితనముచే కాదని కుమారునకును, కుమారుడు అడిగినది మోజుచే మాత్రమే కాదని తండ్రికిని తెలిసినది.